బిడ్డ టీకాకు వెళ్లినప్పుడు నీ సంగతీ అడుగు

బాలింతను చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ పాలు పడుతున్నాయా, పిల్లాడు నిద్రపోతున్నాడా అని అడుగుతారు. మంచిదే. మళ్లీ కడుపు ఎప్పుడు, అందాకా ఏం చేద్దామనుకుంటున్నావు అని నిన్నెవరైనా అడిగారా చెల్లీ? అత్తగారు అడగదు, మొగుడికి తోచదు, నువ్వు నోరు విప్పవు. అందుకే నేనే అడుగుతున్నా.

మన వినగడపలో పత్తి తీతలున్నా, మిరప కోతలున్నా బిడ్డ టీకా రోజున కూలి మానుకునైనా వెళ్తాం. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, ఆనక తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా. అక్కడే ఏఎన్ఎం ఉంటుంది, ఆశా ఉంటుంది. నీ మాట అడగడానికి ఇంకో రోజు, ఇంకో బస్సు, ఇంట్లో చెప్పడానికి ఇంకో సాకు అక్కర్లేదు.

‘పాలిస్తున్నాగా అక్కా, ఇంకా ముట్టే రాలేదు, నాకేం కాదు’ అంటావు. సగం నిజమే. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, రాత్రీ పగలూ నీ పాలే తాగుతూ, నీకు ముట్టు రాకుండా ఉంటేనే ఆ ధీమా. డబ్బా పాలు మొదలెట్టావా, అది పోయినట్టే. మొదటి ముట్టుకంటే ముందే అండం విడుదల కావచ్చు, అంటే ముట్టు చూడకుండానే కడుపు రావచ్చు.

ఆసుపత్రిలో కాన్పయితే 48 గంటల్లోపే కాపర్ టీ వేయించుకోవచ్చు. అది దాటిపోతే ఆరో వారం చూసుకో. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ కూడా పాలిచ్చే తల్లికి ఆరు వారాలు దాటాకే. దానితో ముట్టు అటూఇటూ అవుతుంది, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకో. ‘ఛాయ’ మాత్రలో హార్మోన్ లేదు, పాలిచ్చేవాళ్లు వాడొచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. మాలా-ఎన్ మాత్రలు మాత్రం బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా వద్దు. ప్రభుత్వాసుపత్రిలో ఇవన్నీ ఉచితమే. నీ ఒంటికి ఏది పడుతుందో వాళ్లు చూసి చెబుతారు.

1952లోనే కుటుంబ నియంత్రణ మొదలెట్టిన దేశం మనది. అయినా మనకది ఇంకా ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లు పదిమందిలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు, కుట్టు పడని వేసెక్టమీ ఉన్నా సరే! (ఈ ముక్క మీ ఆయనకు చదివి వినిపించు.) ఆపరేషన్ తప్పనడం లేదు. ఇద్దరయ్యాక చేయించుకుందాంలే అని, ఆ ఇద్దరి మధ్య ఎడాన్ని గాలికొదిలేస్తున్నామనే నా బాధ.

స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ ఎత్తేసింది. ఇంకా కనమని చెప్పే పెద్దలూ ఉన్నారు. ముగ్గురిని కంటావో, ఒక్కరితో సరిపెడతావో నీ ఇష్టం. ఎందరైనా, కాన్పయ్యాక కనీసం రెండేళ్లు ఆగి మళ్లీ గర్భం దాల్చమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నీ ఒంట్లో రక్తం పట్టాలిగా!

అత్తగారు పక్కనుంటే మొహమాటపడకు, ఏఎన్ఎమ్మును కాస్త పక్కకు పిలిచి అడుగు. ఆశా అక్కలూ, మీకూ ఓ మాట. టీకా వేయించి కార్డు చేతికిచ్చే ముందు తల్లిని మీరే కదిలించండి. తనంతట తాను అడగాలంటే ఆ పిల్లకు సిగ్గు.