పైకి కనబడేది షాపుది, లోపలిది మీది

మేళ్లచెరువు నుంచి పొద్దున్నే బస్సో షేర్ ఆటోనో పట్టుకుని కోదాడ షోరూములకు పోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకోసం. హుజూర్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట షాపుల్లో చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చేరిన మొదటిరోజే రూల్ చెబుతారు. అబ్బాయిలకు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, ఇన్‌షర్ట్, నల్ల బూట్లు, కొన్నిచోట్ల టై. అమ్మాయిలకు యూనిఫాం చీర, పిన్ను పెట్టిన పల్లూ, దువ్వి ముడేసిన జుట్టు. చేరిన కొత్తలో ఒక్కరే ఈ రూల్‌తో పోట్లాడి ప్రయోజనం లేదు. షాపువాళ్లు అడిగేది పైకి కనబడే ముస్తాబు ఒక్కటే. బనియను, సాక్సు, బూటు లోపలి అట్ట, లంగా, జాకెట్టు లోపలి కుట్టు మీ ఇష్టం. రోజంతా మిమ్మల్ని నిలబెట్టేవి అవే. మొదటి జీతంలో నాలుగు డబ్బులు వాటికి పెట్టండి.

మన ప్రాంతంలో ఈ సంగతి మరీ పట్టించుకోవాలి. మేళ్లచెరువు స్వయంభూ శంభులింగేశ్వరస్వామి శివరాత్రి జాతర ముగిసిందంటే ఎండలు మొదలైనట్టే. వెనకే పెళ్లిళ్లు. మేలో 45 డిగ్రీల ఎండ కాసే రోజుల్లోనే బట్టల షాపులో ఊపిరాడనంత గిరాకీ ఉంటుంది. పైగా యూనిఫాం బట్ట ఎక్కువగా టెర్రీకాటనో సింథటిక్కో అయి ఉంటుంది. మామూలు వాతావరణంలో వంద గ్రాముల నూలు ఎనిమిదిన్నర గ్రాముల దాకా తేమను పట్టి ఉంచుకుంటుంది. అదే పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టదు. అందుకే చెమట ఒంటిమీదే నిలిచిపోతుంది. పైచొక్కా మార్చలేం కాబట్టి లోపల పల్చటి నూలు బనియను తప్పనిసరి. ఎండాకాలం బనియను ఎందుకని మానేస్తారు చాలామంది. మానకూడని కాలమే అది. ఒకటి బ్యాగులో పెట్టుకెళ్లి మధ్యాహ్నం మార్చుకోండి. ఆటోలో చెమటకు తడిసిన బనియనుతోనే ఏసీలోకి వెళితే ఒళ్లు చల్లబడి ఇబ్బందిగా ఉంటుంది. యూనిఫాం చొక్కాను మడిచి కవర్లో తీసుకెళ్లి అక్కడే వేసుకోవడం ఇంకా మంచిది. దారి దుమ్ము అంటదు, ఇస్త్రీ చెడదు.

కొలతలు ఇచ్చేటప్పుడు దర్జీ ముందు బొమ్మలా నిలబడకండి. రోజూ చేసే పని అక్కడే చేసి చూపించండి. పై అరలో చీర అందుకుంటున్నట్టు రెండు చేతులూ ఎత్తండి. చొక్కా ప్యాంటులోంచి బయటికొస్తే పొడవు చాలలేదన్నమాట. కింది అరలో పెట్టె తీస్తున్నట్టు గొంతుక్కూర్చోండి. తొడల దగ్గర పట్టేస్తే వదులు చేయమనండి. కాలర్ గుండీ పెట్టాక మెడకూ కాలర్‌కూ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఈ ఖాళీ ఉంటే టై కట్టినా బాధించదు. జాకెట్టు కుట్టించుకునే చెల్లెళ్లు చంక దగ్గర బిగుతు చూసుకోండి, లోపలి కుట్టులో బట్ట వదిలిపెట్టమనండి. ఆరునెలల తర్వాత అది అక్కరకొస్తుంది.

లంగా నాడా గురించి ఎవరూ చెప్పరు, నేను గట్టిగా చెబుతాను. యూనిఫాం చీర జారుడు బట్ట కావడంతో కుచ్చిళ్లు నిలవాలని నాడాను బిగించి ముడేస్తారు. రాత్రి విప్పితే నడుము చుట్టూ ఎర్రటి గీత. ఏళ్ల తరబడి ఒకేచోట ఒరిపిడి పడితే చర్మం నల్లబడి, పుండై, మానకుండా ఉండిపోవచ్చు. అలా మానని పుండు క్యాన్సర్‌గా మారిన ఇద్దరు పెద్దవయసు స్త్రీల గురించి వార్ధా, బీహార్ డాక్టర్లు 2024లో ఒక వైద్యపత్రికలో రాశారు. అది చాలా అరుదు, దశాబ్దాల తర్వాత వచ్చిన సంగతి, బెంబేలు పడొద్దు. కానీ సన్నటి తాడు తీసేసి వెడల్పాటి నడుంపట్టీ కుట్టించుకోవడానికి ఎంతవుతుంది? రోజూ ముడి స్థానం కొంచెం పైకీ కిందికీ మార్చండి. చీర నిలబెట్టే పని పిన్నులకు అప్పజెప్పండి. షాపులో వేసుకునే చెప్పులు తొడుక్కునే చీర కట్టుకోండి. అప్పుడు అంచు సరైన ఎత్తులో ఉంటుంది, మెట్లమీద కాళ్లకు అడ్డం పడదు.

ఇక బూట్లు. జీతంతో కొనే మొదటి మంచి వస్తువు ఇదే కావాలి. సాయంత్రం వెళ్లి కొనండి, దినమంతా నిలబడ్డ పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. షాపులో తొడుక్కునే సాక్సుతోనే వేసి చూడండి. బొటనవేలి ముందు అరంగుళం ఖాళీ ఉండాలి. అరికాలి వంపు కింద ఆసరా లేని చదును సోల్ మెరుపు చూసి మోసపోకండి. పొద్దున మంచం దిగగానే మడమలో మేకు గుచ్చినట్టు నొప్పి వస్తోందంటే బూటు మార్చమని కాలు అడుగుతోంది. వీలైతే రెండు జతలు ఉంచుకుని రోజు మార్చి రోజు వేసుకోండి, తడి ఆరుతుంది. నూలు సాక్సు రోజూ ఉతికింది కావాలి. వేళ్ల మధ్య, గజ్జల్లో దురద మొదలైతే డాక్టరుకు చూపించుకోండి. తెలిసినవాళ్లు చెప్పారని మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ కొని రాస్తే రెండ్రోజులు తగ్గినట్టుండి తామర మరింత పాకుతుంది.

అడగడం కూడా నేర్చుకోవాలి. యూనిఫాం ఎన్ని జతలిస్తారు, కుట్టుకూలి ఎవరిది, జీతంలో కోస్తారా? ఇవి చేరకముందే అడగాల్సిన ప్రశ్నలు. చేరాక మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు మీ ఇబ్బందితో పాటు పరిష్కారం కూడా చెప్పండి. "సార్, నల్ల బూట్లే వేసుకుంటా, మెత్తటి సోల్ ఉన్నవి తెచ్చుకోనా?" అంటే చాలామంది సరేనంటారు. "కాళ్లు నొప్పులు సార్" అని ఊరుకుంటే ఆయనకేం చేయాలో తోచదు. కస్టమర్లు లేని వేళ కూర్చోవడానికి స్టూలు అడగడమూ తప్పు కాదు. కేరళలోని కోజికోడ్‌లో షాపుల్లో పనిచేసే స్త్రీలు విజి అనే దర్జీ నాయకత్వంలో ముందు మూత్రశాలల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్లపాటు పోరాడారు. 2018లో కేరళ షాపుల చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది, 2021లో తమిళనాడు కూడా అదే దారిలో నడిచింది. చీరతో మూత్రశాలకు వెళ్లడం ఇబ్బందని పొద్దంతా నీళ్లు తాగకుండా ఉండే చెల్లెళ్లు మన దగ్గరా ఉన్నారు. మీ షాపులో అమ్మాయిలంతా కలిసి చీర బదులు చుడీదార్ యూనిఫాం ఇమ్మని ఒక కాగితం రాసివ్వండి. దసరా, పెళ్లిళ్ల గిరాకీలో ఎవరూ వినిపించుకోరు. ఆషాఢం డిస్కౌంట్ల హడావిడి మొదలుకాకముందు, షాపు కాస్త ఖాళీగా ఉన్న మధ్యాహ్నం చూసి ఇవ్వండి.