ఒకే బడి, ఒకే ఇల్లు.. మార్కుల్లో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: మాకు కవలలు, పాప, బాబు. ఇద్దరూ ఇయర్ 12. ఎన్‌సీఈఏ లెవెల్ 2లో పాపకు మెరిట్‌లు, ఎక్సలెన్స్‌లు వస్తున్నాయి. బాబు అచీవ్డ్‌తో గట్టెక్కుతున్నాడు. బుర్ర తక్కువేం కాదు, చదరంగంలో ఎప్పుడూ వాడిదే గెలుపు. హామిల్టన్‌లోని మగపిల్లల స్కూలుకు మార్చేద్దామంటున్నారు మావారు. మార్చమంటారా?
- ఒక తల్లి, రోటోటూనా, న్యూజిలాండ్

జవాబు: అమ్మా, ఇయర్ 12 మధ్యలో బడి మార్చొద్దు. అలాగని మీవారి మాట కొట్టిపారేసేదీ కాదు.

1977లో క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టిన 1265 మంది పిల్లల్ని పరిశోధకులు పసితనం నుంచీ గమనిస్తూ వచ్చారు. తెలివితేటల పరీక్షల్లో ఆడా మగా సమానమే. అయినా చదువులో అబ్బాయిలు వెనకబడ్డారు. ఎందుకని చూస్తే, క్లాసులో కుదురు లేకపోవడం, అల్లరి దగ్గరే లెక్క తేలిందని ఫెర్గుసన్, హార్‌వుడ్ 1997లో రాశారు. అదే పిల్లల మీద 2008లో మరో వ్యాసం వచ్చింది. కలిసి చదివే బడుల్లో అమ్మాయిలు ముందున్నారు, ఆడామగా విడివిడి బడుల్లో ఆ ఆధిక్యం కనిపించలేదు. మీవారు ఇది చదివితే ఇంకా పట్టుబడతారేమో!

కానీ ఆ పిల్లలు బడి ముగించింది 1990లలో. అప్పటి పరీక్షలు వేరు. 2002లో ఇప్పటి ఎన్‌సీఈఏ పరీక్షల పద్ధతి మొదలయ్యాక సగం యుద్ధం ఏడాది పొడవునా జరిగే ఇంటర్నల్స్‌లోనే. గూగుల్ డాక్‌లో రిపోర్టు సగం రాసి, గడువు రోజు రాత్రి పదింటికి మిగతాది అతికించే కుర్రాడికి ఈ పద్ధతిలో దెబ్బ తగులుతుంది. మన ఇంటర్‌లోలాగా చివరి నెలలో కూర్చుని లాగేద్దామంటే కుదరదు.

ఇంకో ముక్క. ఇజ్రాయెల్‌లో విక్టర్ లేవీ అనే ఆర్థికవేత్త, పేరు కనబడకుండా బయటివాళ్ళు దిద్దిన పేపర్ల మార్కుల్నీ, సొంత టీచర్లు వేసిన మార్కుల్నీ పోల్చి చూశారు. సొంత టీచర్ల చేతిలో అబ్బాయిలకు తక్కువ పడ్డాయి. టీచర్లు కావాలని తక్కువ వేశారని నేననను. ఏడాదంతా చూసిన అల్లరి పెన్నులోకి జారుతుందేమోనని నా అనుమానం.

కాబట్టి ముందు బాబు చేత పరీక్షల సంస్థ ఎన్‌జెడ్‌క్యూఏ లాగిన్ తెరిపించి ఇంటర్నల్స్ ఒకవైపు, నవంబరు పరీక్షలు ఒకవైపు పెట్టి చూడండి. పరీక్షల్లో బాగుండి ఇంటర్నల్స్‌లో పోతుంటే అది బడి మారిస్తే తీరే జబ్బు కాదు. డీన్‌ను కలిసి, గడువుకు వారం ముందే చిత్తుప్రతి చూపించే ఏర్పాటు అడగండి. "అక్కను చూసి నేర్చుకో" అనడం మాత్రం ఈ పూటతో ఆపేయండి. ఇక బాయ్స్ స్కూలంటే జోన్ కూడా, అంటే ఇల్లు ఆ బడి పరిధిలో ఉందో లేదో చూసుకోవాలి. జోన్ బయట ఉన్నవాళ్ళకు మామూలుగా బ్యాలెట్‌లో (లాటరీలో) పేరు వస్తేనే సీటు.

ప్రశ్న: మా అమ్మాయి ఇయర్ 11. ఫిజిక్స్ మార్కులు బాగానే ఉన్నా "క్లాసులో అందరూ అబ్బాయిలే" అని వచ్చే ఏడాదికి వదిలేస్తానంటోంది. బలవంతపెట్టనా?
- ఒక తండ్రి, రోటోటూనా

జవాబు: బలవంతం వద్దండీ. అలాగని ఊరకే ఒప్పుకోవద్దు. క్లాసులో తనలాంటివాళ్ళు కనబడకపోవడం చిన్న విషయం కాదు. పాఠం చెప్పేవాళ్ళ విషయంలోనూ అంతే. మన ఆంధ్రప్రదేశ్‌లోనే పల్లె ప్రభుత్వ బడుల పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి, మేడమ్‌లు చెప్పినప్పుడు అమ్మాయిలు కాస్త ఎక్కువ నేర్చుకున్నారనీ, అబ్బాయిలకు నష్టమేమీ జరగలేదనీ కార్తీక్ మురళీధరన్, కేత్కీ షేత్ 2016లో రాశారు. ఆ లాభం పెద్దదేం కాదు. అయినా ఉంది.

ఫిజిక్స్ తీసుకుంటున్న స్నేహితురాలు ఒక్కరైనా ఉన్నారేమో కనుక్కోమనండి. ఇద్దరుంటే పక్కపక్కన కూర్చుంటారు, ల్యాబ్‌లో ఎవరో కొలుస్తుంటే నోట్సు రాసుకునే పని తప్పుతుంది. ఇంజినీరింగ్ ఆలోచన ఉంటే ఇది కూడా చెప్పండి: ఆక్లండ్ యూనివర్సిటీ లెవెల్ 3లో కాలిక్యులస్, ఫిజిక్స్ రెండూ అడుగుతుంది.