కారు అమ్మేశారు సరే.. ఆర్సీలో పేరు మారిందా? ఆర్సీ పోతే ఏం చేయాలి?

ఈ సమాచారం ఎవరికి: పాత కారు అమ్మాలనుకుంటున్న, లేదా ఇప్పటికే అమ్మేసిన పథకాల లబ్ధిదారులకు.

ముందుగా ఇది తెలుసుకోండి

ఒక కుటుంబం సంగతి అనుకుందాం. నాలుగేళ్ల కింద కొడుకు తన పాత కారు తెలిసినవాళ్లకు అమ్మేశాడు. ఆర్సీ కనపడలేదు, అందుకని బాండ్ పేపర్ మీద రాసుకుని తాళాలు ఇచ్చేశాడు. ఇప్పుడు వాళ్ల అమ్మగారు వితంతు పింఛనుకు దరఖాస్తు పెడితే సచివాలయంలో "మీ ఇంటి మీద ఫోర్ వీలర్ చూపిస్తోందమ్మా" అన్నారు. కారు ఇంట్లో లేదు, కానీ రికార్డులో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు, పింఛను లాంటి వాటికి చేసే ఆరు అంచెల పరిశీలనలో సొంత కారు ఒక అంశం. ఆటో, టాక్సీ, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంది. ఈ పరిశీలనలో చూసేది రవాణా శాఖ రికార్డునే. బాండ్ పేపర్ సంగతి ఆ రికార్డుకు తెలియదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అమ్మిన కారు యాక్సిడెంట్ చేస్తే పరిహారం కేసు ఎవరి మీదికి వస్తుంది? రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. బండి చేతులు మారినా, పేరు మారకపోతే బాధ్యత మీదే. కాబట్టి ఆర్సీ పోయిందని బాండ్ పేపర్‌తో సరిపెట్టుకోవద్దు. ముందు డూప్లికేట్ ఆర్సీ తీసుకోండి, తర్వాతే అమ్మండి.

మెట్టు 1: రికార్డు చూసుకోండి

ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టండి. ఇన్సూరెన్స్ గడువు, రిజిస్ట్రేషన్ గడువు, ఫైనాన్స్ వివరాలు చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. అది దాటితే ముందు రెన్యువల్ చేయించాలి. పెండింగ్ చలాన్లు కట్టేయండి.

మెట్టు 2: పోలీసులకు చెప్పండి

ఆర్సీ పోయిన చోటి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు తీసుకోండి. ఆర్సీ చిరిగిపోతే లేదా అక్షరాలు చెరిగిపోతే దాన్ని పారేయకండి. దరఖాస్తుతో పాటు ఆ పాత కార్డే ఇవ్వాలి.

మెట్టు 3: ఫారం 26

డూప్లికేట్ ఆర్సీకి పెట్టే దరఖాస్తు ఇదే. బండి రిజిస్టర్ అయిన ఆర్టీవో పరిధిలో ఇవ్వాలి. ఫిర్యాదు నకలు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్ దగ్గర పెట్టుకోండి. కారు మీద ఫైనాన్స్ ఉంటే ఫారంలో ఫైనాన్స్ వారి సంతకం కూడా కావాలి.

అప్పు తీరిపోయినా ఫైనాన్స్ కంపెనీ పేరు ఆర్సీలో అలాగే ఉండిపోవచ్చు. వారి నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకుని ఆ పేరు తీయించండి.

మెట్టు 4: అమ్మే రోజు

- అమ్మేవారు ఇవ్వాల్సింది ఫారం 29. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు ఆర్టీవోకు తెలపాలి.
- కొన్నవారు ఇవ్వాల్సింది ఫారం 30. గడువు 30 రోజులు. దీనికి ఆర్సీ, ఇన్సూరెన్స్ జత చేయాలి.
- కొన్నవారిది వేరే రాష్ట్రమైతే (ఉదాహరణకు తెలంగాణ) ఫారం 28 మీద ఎన్‌వోసీ కావాలి.
- ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టొద్దు. కొన్నవారి పేరు, అడ్రసు, తేదీ నింపాకే పెట్టండి.
- డెలివరీ రసీదులో తేదీతో పాటు టైమ్ కూడా రాయండి. కొన్నవారి ఆధార్ నకలు ఉంచుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి.

"పేరు నేను తర్వాత మార్చుకుంటాలే అన్నా" అని కొన్నవారు అంటే ఒప్పుకోకండి. ఇద్దరూ కలిసే వెళ్లి పని పూర్తి చేయండి.

మెట్టు 5: మళ్లీ చూసుకోండి

కొన్ని రోజుల తర్వాత యాప్‌లో పేరు మారిందో లేదో చూడండి. మారాకే మీ పని అయినట్టు. సచివాలయం రికార్డులో కారు ఇంకా చూపిస్తుంటే కొత్త ఆర్సీ నకలుతో అక్కడ అభ్యంతరం నమోదు చేయించి, రసీదు అడిగి తీసుకోండి.

మీ సందేహాలు

*కారు నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన లేరు. నేను అమ్మొచ్చా?*
నేరుగా కుదరదు. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రంతో ఫారం 31 ఇచ్చి ముందు వారసుల పేరుకు మార్చుకోవాలి.

*పాత ఇనుము కొట్టుకు తూకానికి ఇచ్చేశాను. ఇంకా నా పేరే చూపిస్తోంది.*
బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లోపు ఆర్టీవోకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలని చట్టం. ఆలస్యమైనా సరే వెళ్లి తెలపండి. ఇకపై ఇచ్చేవారు ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలోనే ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి.

*ఎప్పుడో అమ్మేశాను, పేరు మారలేదు. ఇప్పుడేం చేయాలి?*
ముందు కొన్నవారిని పట్టుకుని ఆర్టీవోకు తీసుకెళ్లండి. వారు దొరక్కపోతే అమ్మకం కాగితాల నకళ్లు జతచేసి ఆర్టీవోకు రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోండి. నోటి మాటగా చెప్పి రావద్దు.

గుర్తుంచుకోండి: తాళాలు ఇస్తే కారు పోతుంది, బాధ్యత పోదు. రికార్డులో పేరు మారినప్పుడే కారు అమ్మినట్టు.