చక్కెర కొలిచే చర్మయంత్రం – సుశ్రుతుని గీటురాయిపై

సుశ్రుతాచార్యులు నూటొక్క యంత్రాలను పేర్కొని, వాటన్నిటిలో వైద్యుని చేయియే ప్రధానమన్నారు. అంతటితో ఆగక యంత్రాలకు ఉండరాని పన్నెండు దోషాలను సైతం చెప్పారు. మితిమీరిన లావు, పసలేనితనం, అతి పొడవు, అతి పొట్టి, పట్టు చిక్కకపోవడం, వంకర, వదులు మున్నగునవి వానిలోనివి. మా గురువుగారు ఈ పాఠాన్ని కమ్మరి కొలిమి వద్ద కూర్చోబెట్టి చెప్పేవారు.

ఇటీవల మధుమేహ రోగుల భుజం వెనుక రూపాయి బిళ్ళకంటె కొంచెం పెద్దదైన తెల్లని బిళ్ళ కానవచ్చుచున్నది. ఇది వాడదగినదేనా అని అడిగేవారు పెరిగినందున, ఆ పాత జాబితాతోనే దీనిని పరీక్షించి చూద్దాం.

బిళ్ళ అడుగున ఒక సన్నని మెత్తని పోగు ఉన్నది. అది చర్మం క్రింద సుమారు 5 మిల్లీమీటర్ల లోతున నిలుస్తుంది. దానిపై పూసిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గ్లూకోజుతో కలిసినపుడు అతిస్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. చక్కెర హెచ్చిన కొద్దీ విద్యుత్తు హెచ్చుతుంది. ఈ ఉపాయానికి 1962లో లీలాండ్ క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు దారి తీశాడు. అయితే ఇది కొలిచేది రక్తాన్ని కాదు, కణాల నడుమనున్న ద్రవాన్ని. అందువలన చక్కెర త్వరగా ఎక్కుతున్నపుడు, దిగుతున్నపుడు బిళ్ళ చూపే అంకె కొన్ని నిమిషాలు వెనుకబడి ఉంటుంది. ఆ ద్రవమే మన రసధాతువని కొందరికి తోచవచ్చు. ఆ పోలికను నేను బలవంతాన అతికించను.

ఇక పట్టు సంగతి. 1999లో అమెరికాలో అనుమతి పొందిన తొలి నిరంతర పరీక్షా యంత్రం వైద్యుల కొరకే. మూడు దినాలు ధరించిన పిమ్మట గాని ఫలితం తెలిసేది కాదు. 2014లో ఐరోపాలో వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే 14 దినాలు నిలిచేటట్లు చేశారు. అసలు నేర్పు దానిని తొడిగే డబ్బాలో ఉన్నది. డబ్బాను భుజానికి ఆనించి ఒత్తితే సూది క్షణంలో దిగుతుంది. పోగును చర్మం క్రింద విడిచి సూది మరల వెనుకకు పోతుంది. సూది రోగి కంటబడదు. ఒక చేత్తోనే పని ముగుస్తుంది. కీళ్ళు పట్టేసి, చేతులు వణికే ఒంటరి వృద్ధులకు ఇది ఎంత ఊరటయో, దినానికి నాలుగుమారులు వేళ్ళు పొడుచుకొన్నవారే చెప్పగలరు.

వదులు అనే దోషం మాత్రం మన వేసవిలో తప్పదు. చెమటకు అంచులు లేస్తాయి. అభ్యంగం చేసుకొన్న దినాన బిళ్ళ పెట్టరాదు. నూనె అంటిన చర్మాన్ని జిగురు పట్టదు. చర్మాన్ని సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చి, స్పిరిటుతో తుడిచి, అదీ ఆరిన పిమ్మటనే పెట్టవలెను. కొందరికి జిగురు వలన దురద, దద్దురు కలుగుతాయి. బిళ్ళ భాగాలను అతికించే ఐసోబోర్నైల్ ఆక్రిలేట్ అనే పదార్థం ఇందుకు ఒక కారణమని 2017లో ఐరోపా చర్మవైద్యులు ప్రకటించారు. దద్దురు వస్తే పైన లేపనాలు పూసి కప్పిపెట్టక, బిళ్ళను తీసివేయవలెను.

అసలు పొడవకుండానే చక్కెర చెబుతామనే వాచీలు, ఉంగరాలు అంగళ్ళలో కనబడుచున్నవి. ఇది సుశ్రుతుడు చెప్పిన పసలేనితనమే. 2001లో అమెరికాలో అనుమతి పొందిన గ్లూకోవాచ్ విద్యుత్తుతో చర్మం గుండా ద్రవాన్ని లాగేది. చర్మం కంది మంట పుట్టడంతో జనం విడిచిపెట్టారు. ఇప్పటి వాచీలు ఆపాటి ద్రవాన్ని కూడా తాకవు. చర్మాన్ని పొడవకుండా తమంతట తామే చక్కెరను కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను వాడవద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించినది. నా వద్దకు వచ్చిన ఒక పెద్దావిడ, కుమారుడు ప్రేమతో కొనిచ్చిన వాచీని నమ్మి ఇన్సులిన్‌ను సగానికి తగ్గించుకొన్నది. వాచీలో 118 ఉన్న క్షణాన వేలి రక్తంలో 290 ఉన్నది. కషాయాలతో సరిచేద్దామని నేను కూర్చోలేదు. ఆమెను వెంటనే ఇన్సులిన్ వ్రాసిన వైద్యుని వద్దకే పంపితిని.

మంచి బిళ్ళకు సైతం పరిమితులున్నవి. ఆ ప్రక్కకు ఒత్తిగిలి నిద్రించినపుడు, లేకున్నా చక్కెర పడిపోయినట్లు చూపవచ్చు. కొన్ని రకాల బిళ్ళలు, దినానికి 500 మిల్లీగ్రాములకు మించి సి విటమిన్ తీసుకొనేవారిలో అంకెను హెచ్చుగా చూపుతాయి. ఉసిరిక పచ్చడి నాలుగు ముద్దలలో కలుపుకొన్నందుకు భయపడనక్కరలేదు; ఉసిరిక రసం గ్లాసుల కొద్దీ త్రాగేవారు మాత్రం వైద్యునికి తెలుపవలెను. చెమటలు, వణుకు, తల తిరుగుడు ఉండి, అంకె బాగానే ఉన్నదంటే వేలి రక్తాన్ని పరీక్షించవలెను. 70 కంటె తగ్గినచో వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వవలెను.

గడువు తీరిన బిళ్ళను పెరికివేయరాదు. అంచుల చుట్టూ కొబ్బరినూనె రాసి, కొంతసేపాగి, మెల్లగా ఒలిచితే వృద్ధుల పలుచని చర్మం చిట్లదు. తరువాతి బిళ్ళను రెండవ చేతికి మార్చవలెను.