వంశచరిత్ర పరిశోధనము – ప్రమాణ విచారము

భారతీయ సంప్రదాయమున వంశస్మరణము నిత్యకర్మలో భాగము. అభివాదము చేయువాడు ప్రవరఋషులను, గోత్రసూత్రములను, శాఖను చెప్పి పిదప తన పేరు చెప్పును. శ్రాద్ధమున పితృపితామహప్రపితామహులు వసురుద్రాదిత్య స్వరూపులుగా పేరుపేరున స్మరింపబడుదురు. పురాణ పంచలక్షణములలో వంశము, వంశానుచరితము అనునవి రెండు. ఇంతటి స్మరణసంప్రదాయము గల దేశమున ముత్తాత తండ్రి పేరేమని అడిగినచో చెప్పగలవారు అరుదు. ప్రవరలోని ఋషికిని, శ్రాద్ధమునందలి ముత్తాతకును నడుమ గల తరములన్నియు శూన్యముగనే ఉన్నవి. ఆ శూన్యమును ఏ ప్రమాణములతో, ఏ క్రమమున, ఎంతవరకు పూరింపవచ్చునో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. గోత్రప్రవరల పరిధి

వంశచరిత్ర వ్రాయబూనువారు చాలమంది ఋషినుండి ప్రారంభించి క్రిందికి దిగుదురు. ఇది తలక్రిందులైన మార్గము. గోత్రశబ్దమునకు శాస్త్రములందే అర్థభేదము కలదు. పాణిని మనుమడు మొదలుకొని కలుగు సంతానమునకు గోత్రసంజ్ఞ చేసెను. బౌధాయనాదులు సప్తర్షులతో అగస్త్యుని చేర్చి ఆ ఎనమండుగురి సంతతిని గోత్రముగా గ్రహించిరి. రాజులకు పురోహితుని ప్రవరయే చెల్లునని ఆశ్వలాయనాదులు విధించిరి. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పు ఆచారము లోకమున ప్రసిద్ధము. దత్తుడు జనకగోత్రమును విడిచి పాలకగోత్రమును పొందును. ద్వ్యాముష్యాయణునకు రెండును ఉండును. వీనినన్నిటిని కలిపి చూచినచో గోత్రప్రవరలు వివాహనిషేధమునకు, కర్మాధికారమునకు ప్రమాణములే కాని, రక్తసంబంధ పరంపరకు ప్రమాణములు కావని తేలుచున్నది. ఒకే గోత్రమువారైనంత మాత్రమున ఇరు కుటుంబములు జ్ఞాతులని చెప్పరాదు.

ఇంటిపేరును ఇట్టిదే. తెలుగునాట అనేకములైన ఇంటిపేర్లు గ్రామనామములనుండి పుట్టినవి. ఒక గ్రామమునుండి తరలివచ్చిన భిన్నకులములవారికి ఒకే ఇంటిపేరు ఉండుటయు, ఒకే కుటుంబపు శాఖలు వేరువేరు ఇంటిపేర్లు వహించుటయు కలదు. కనుక ఇంటిపేరు అన్వేషణకు దిక్కు చూపును. అంతమాత్రమున సంబంధమును స్థాపింపజాలదు.

2. మొదటి మెట్టు: గృహము

పరిశోధన తెలిసినదానినుండి తెలియనిదానికి సాగవలెను. జీవించియున్న వ్యక్తితో ప్రారంభించి, ఒక్కొక్క తరమును ఒక్కొక్క సాక్ష్యముతో పైకి కట్టుకొనిపోవలెను. ప్రతి వ్యక్తికిని పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినయూరు, కాలము వ్రాయుటతో పాటు ఆ సంగతి ఎవరు చెప్పిరో, ఎప్పుడు చెప్పిరో, చెప్పినవారు కన్నదియో విన్నదియో కూడ వ్రాయవలెను. ఈ భేదము పాటింపని వంశవృక్షము రెండు తరములకే విశ్వాసము కోల్పోవును.

గృహమున లభించు ఆధారములలో మహాలయపక్షపు తర్పణపట్టిక మిక్కిలి విలువైనది. అందు తండ్రివైపు మూడు తరములేకాక మాతామహ వంశమును, పిన్నతండ్రులు, మేనమామలు, మేనత్తలు, శ్వశురులు మొదలైన కారుణ్యపితరులును గోత్రనామములతో ఉందురు. మాతృ, పితామహీ, ప్రపితామహుల పేర్లు వరుసగా నిలిచియుండుట ఈ పట్టికయొక్క విశేషము. భూమిపత్రములు పురుషుల పేర్లనే అధికముగా నిలుపగా, స్త్రీల పేర్లను నిలిపినది శ్రాద్ధకల్పము. పుట్టింటి ఊరు, మేనరికపు సంబంధములు వృద్ధస్త్రీలకు తెలిసినంతగా పురుషులకు తెలియవు. ముందుగా వారిని అడుగవలెను.

జాతకపత్రములు, పాత శుభలేఖలు, తాళపత్ర గ్రంథముల చివరి గద్యలు తరువాత చూడదగినవి. జాతకములందు ఒక చిక్కు కలదు. అనేకములైన పాత జాతకములలో శకవర్షము లేక సంవత్సర నామము మాత్రమే ఉండును. ప్రభవ 1867లోను, 1927లోను, 1987లోను వచ్చినది. జ్యేష్ఠపుత్రునకు తాతపేరు పెట్టుట ఆచారము. 60 సంవత్సరములు ఇంచుమించు రెండు తరముల కాలము. కనుక తాత జాతకమును మనుమని జాతకముగా పొరపడుటకు అవకాశము ఎక్కువ. గురుశనుల స్థితి చూచి నిర్ణయింతమన్నను అది చాలదు. 60 ఏండ్లలో గురుడు ఇంచుమించు 5, శని ఇంచుమించు 2 ఆవృత్తులు పూర్తిచేయుటచే వారు తిరిగి ఆ ప్రాంతమునకే వత్తురు. రాహువునకు ఒక ఆవృత్తికి సుమారు 18 సంవత్సరముల 7 మాసములు పట్టును. అందుచే 60 ఏండ్ల తరువాత రాహువు 2 లేక 3 రాశుల దూరమున ఉండును. రాహుస్థితిని, తిథివారనక్షత్రముల కలయికను పరీక్షించినచో తాతమనుమల సందేహము తీరును. జ్యౌతిషము వంశచరిత్రకు ఉపకరించు చోటు ఇది.

3. రెండవ మెట్టు: గ్రామము, ప్రభుత్వపత్రములు

గృహసాక్ష్యము సాధారణముగా నాలుగైదు తరములతో ఆగిపోవును. ఆపైన గ్రామమును ఆశ్రయింపవలెను. మదరాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషను ప్రతి ఇనామును విచారించి రిజిస్టర్లు వ్రాయించెను. మూల ప్రతిగ్రహీత, దాత, నాటి అనుభవదారు మొదలగు వివరములు వానియందుండుటచే, అగ్రహార, దేవదాయ, సేవా ఇనాములు గల కుటుంబములకు 19వ శతాబ్ది మధ్యనుండి వెనుకకు పోవుటకు దారి దొరకును. ఇనాము బ్రాహ్మణులకే ఉండెనని తలచుట సరికాదు. మంగలి, చాకలి, కుమ్మరి, వెట్టి మొదలగు గ్రామసేవకులకును సేవా మాన్యములు ఉండెను. నిజాం రాజ్యభాగమున ఇదే ప్రయోజనమును విరాసతు విచారణపత్రములు, మున్తఖబులు నెరవేర్చును. అవి ఉర్దూ, పారసీక భాషలలో ఉండుటచే ఆ భాషలెరిగినవారి సహాయము కావలెను.

కల్నల్ మెకంజీ (మరణము 1821) కావలి సోదరులు మొదలగువారి సహాయమున సేకరించిన కైఫియత్తులలో గ్రామ, పాలెగార, కరణ వంశముల వృత్తాంతములు కలవు. కరణముల దండకవిలెలు వీనికి ఆధారములు. కైఫియత్తులో ఇటీవలి మూడు నాలుగు తరముల భాగము తరచు విశ్వాసయోగ్యము. అంతకు పూర్వభాగము జనశ్రుతితో కలిసియుండును. 1984లో ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య గ్రామాధికారము రద్దయిన పిదప కరణముల ఇండ్లలోని పాత లెక్కపుస్తకములను రక్షించు బాధ్యత ఎవరిదియు కాకపోయినది. వానిలో మిగిలినవానిని వెదకుట నేడు చేయవలసిన పని.

కాశీ, ప్రయాగ, గయ, హరిద్వారములందలి తీర్థపురోహితుల బహీలు మరియొక ఆధారము. యాత్రికుడు తన పూర్వుల పేర్లను, వెంట వచ్చినవారి పేర్లను, ఊరిని చెప్పగా అందు వ్రాసికొందురు. వెనుకటి యాత్రికుని సంతతివాడు వచ్చినప్పుడు ఆ పత్రముననే కొత్త తరము చేరును. యాత్రికుడు స్వయముగా చెప్పిన సాక్ష్యమగుటచే దీనికి గౌరవము అధికము.

4. ఆశ్రితుల వాక్కు, సముద్రము దాటినవారి పత్రము

తాళపత్రము, ఇనాము లేని కుటుంబములకు వంశచరిత్ర లేదనుట అజ్ఞానము. తెలుగునాట వంశములను నోటినే నిలిపిన వృత్తిగాయకులు కలరు. రెడ్లు మొదలగువారి గోత్రములను, వంశములను పిచ్చికుంట్లవారు చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణముతో పాటు కులవృత్తాంతమును వినిపింతురు. భట్రాజులు రాజకుటుంబముల వంశావళులను కీర్తించిరి. వీరి వాక్కునందు మూలపురుషుని కథ పురాణతుల్యము. ఇటీవలి తరముల భాగము సాక్ష్యతుల్యము. ఈ వివేకముతో వినినచో లిఖితమునందు లేనిది వీరివద్ద దొరకును.

విదేశములకు కూలీలుగా వెళ్ళినవారి విషయము మరింత విచిత్రము. 1834 నుండి మారిషసునకును, 1860 నవంబరు 16న డర్బను చేరిన ట్రూరో నౌకతో ఆరంభించి నేటాలునకును మదరాసునుండి తెలుగువారు వెళ్ళిరి. వారి వలసపత్రములలో పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరచిహ్నములు వ్రాయబడినవి. మారిషసువారి పత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా ఉన్నవి. పంచార్షేయ ప్రవరను తప్పక చెప్పగలవాడు తన ముత్తాత ఏ ఊరివాడో చెప్పలేకపోవచ్చును. గోత్రమెరుగని కూలీ మునిమనుమడు పూర్వుని గ్రామమును పత్రముతో చూపగలడు. ప్రమాణబలము కులోన్నతిని అనుసరింపదు.

5. మూడవ మెట్టు: కావ్యములు, శాసనములు

ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు మిక్కిలి పరిచితమైన క్షేత్రమిది. తిక్కన వంశమునకు రెండు సాక్ష్యములు కలవు. నిర్వచనోత్తర రామాయణమున తిక్కనయే తన తాత మంత్రి భాస్కరుని పేర్కొనెను. ఆయనకు అంకితమైన దశకుమారచరిత్రమున కేతన ఆ భాస్కరుని నలుగురు కుమారులను, వారిలో కొమ్మన, అన్నమలకు కవి తిక్కన జన్మించుటను చెప్పెను. సిద్ధన కుమారుడు ఖడ్గతిక్కన. ఒకే ఇంట ఒకే తరమున ఇద్దరు తిక్కనలుండిరి. తండ్రిపేరు లేనిచో ఇద్దరిని ఒకరుగా చేయుట ఎంత సులభమో గమనింపదగును.

శాసనములందును ఈ జాగ్రత్త అవసరము. వేంగీ చాళుక్యుల శాసనములలో రెండవ విజయాదిత్యుని పాలనకాలము ఒకచోట 48, మరియొకచోట 44, ఇంకొకచోట 40 సంవత్సరములుగా ఉన్నది. కాకతీయులలో బేత, ప్రోల అను పేర్లు తరము విడిచి తరము వచ్చుచుండును. గణపతిదేవుని మోటుపల్లి శాసనము (1244-45) వారిని సూర్యవంశమునకు చేర్చగా, మరికొన్ని శాసనములు చతుర్థకులజులనినవి. సూర్యుని మొదలుకొని చెప్పిన పట్టిక రాజ్యగౌరవమునకు చెప్పినది. దానార్ణవుని మాగల్లు శాసనమును (956), గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారము చెరువు శాసనమును కలిపి చదివినప్పుడు గుండన, ఎఱ్ఱయ మొదలగు పూర్వుల క్రమము తేటపడినది. భిన్నప్రయోజనములతో, భిన్నకాలములందు వ్రాయబడిన రెండు సాక్ష్యములు ఏకీభవించుటయే నిర్ణయమునకు బలము. ఒకదానిని చూచి వ్రాసిన మరియొకటి రెండవ సాక్ష్యము కానేరదు.

6. నిర్ణయక్రమము

దీనివలన తేలిన నియమములివి. ప్రతి తరమునకును ప్రత్యేక సాక్ష్యము కావలెను. ప్రత్యక్షము, ఆప్తవాక్యము, అనుమానము అను మూటిని వంశవృక్షమున వేరువేరు గుర్తులతో చూపవలెను. తరమునకు 25 నుండి 30 సంవత్సరముల లెక్కతో కాలమును సరిచూడవలెను. నూరేండ్లలో ఎనిమిది తరములు వచ్చినచో అన్నదమ్ములను తండ్రికొడుకులుగా వ్రాసియుందురని శంకింపవలెను. దత్తత జరిగినచోట రెండు వంశములను చూపవలెను. సాక్ష్యము తెగినచోట గీతను ఆపవలెను. ఖాళీని ప్రసిద్ధపురుషునితో పూరించుట పితృభక్తి కాదు. ఒకరి పూర్వుని తొలగించి మరియొకరిని ఆ స్థానమున నిలిపి పిండము పెట్టుట వంటిదది.

ఈ శాస్త్రమును ప్రాచ్యకళాశాలలు బోధింపదగును. తాళపత్ర గ్రంథముల చివర లేఖకుడు తన పేరు, తండ్రిపేరు, ఊరు, సంవత్సరము, ఎవరికొరకు వ్రాసెనో చెప్పును. గ్రంథసూచికలు కర్తను, విషయమును ఎత్తిచూపును కాని లేఖకుని తరచు విడిచివేయును. ప్రతి కళాశాల తన భాండాగారములోని ప్రతుల చివరి గద్యలను విద్యార్థులచే ఎత్తివ్రాయించి, లేఖక, గ్రామ, కాల సూచికలను కూర్చినచో అనేక కుటుంబముల తెగిన తరములు అందు దొరకును. తాటియాకు చివరి పత్రమే మొదట శిథిలమగును. కావున ఈ పని ఆ పత్రములనుండియే ప్రారంభింపవలెను.