ముక్కులో కాపలా

ఎల్లమ్మ మనవడికి 9 నెలలు. రెండు రోజులుగా జలుబు. ముక్కు కారుతోంది. ఎల్లమ్మ నూనె గిన్నె తెచ్చింది.

"రెండు చుక్కలు ముక్కులో వేస్తే చీమిడి పోతుంది" అంది.

అప్పుడే నర్సమ్మ వచ్చింది. "వద్దు పెద్దమ్మా! నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు" అని ఆపింది.

"అసలు ఈ చీమిడి ఎక్కడిది?" అని అడిగింది కోడలు సుజాత.

నర్సమ్మ ఇలా చెప్పింది:

"ముక్కు లోపలి పొరే దీన్ని తయారు చేస్తుంది. ఇందులో నూటికి 95 పాళ్లు నీరే. మిగిలింది జిగురు, ఉప్పు, క్రిములను చంపే పదార్థాలు. గాలిలోని దుమ్ము, క్రిములు ఈ జిగురుకు అంటుకుంటాయి. ఊపిరితిత్తుల దాకా పోవు. అంటే చీమిడి మనకు కాపలా. జలుబు చేస్తే ఇది ఎక్కువ కారుతుంది. పచ్చగా మారినా కంగారు పడొద్దు.

మెత్తని తడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. తల్లిపాలు ఆపొద్దు. జలుబు వారం, పది రోజుల్లో తగ్గుతుంది.

ఈ వయసు బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి."

ఎల్లమ్మ నూనె గిన్నె వంటింట్లో పెట్టేసింది. సుజాత బిడ్డ ముక్కు తుడిచి, పాలిచ్చింది.

మాట్లాడుకోండి: పిల్లలకు జలుబు చేస్తే మీ ఇంట్లో ఏం చేస్తారు?