చిన్న రీఫ్ ట్యాంక్‌కి ఏ ఫిల్టర్ కొనాలి? స్పెక్స్ ఇలా చదవండి!

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, బ్యాటరీ, కెమెరా అన్నీ పోల్చి చూస్తాం. అదే అక్వేరియం ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి బాక్స్ మీద ‘100 లీటర్ల వరకు’ అని ఉంటే చాలు, కొనేస్తాం. మంచినీటి ట్యాంక్‌లో అది చాలాసార్లు నడిచిపోతుంది. ఉప్పునీటి రీఫ్ ట్యాంక్‌లో మాత్రం నడవదు. నీళ్లు తక్కువ కాబట్టి చిన్న తేడా కూడా గంటల్లోనే బయటపడుతుంది. ఫోన్ పాడైతే సర్వీస్ సెంటర్ ఉంది, చచ్చిపోయిన చేపకి వారంటీ లేదు. అందుకే డబ్బు పెట్టే ముందు ఈ లెక్కలు ఒకసారి చూసేయండి.

ఉదాహరణకి 60 సెం.మీ. పొడవు, 35 వెడల్పు, 36 ఎత్తు ఉన్న ట్యాంక్ తీసుకుందాం. గుణిస్తే దాదాపు 75 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు సుమారు 60 లీటర్లే. ఇక నుంచి లెక్కలన్నీ ఈ 60 మీదే.

ముందు ఏం పెంచుతారో తేల్చుకోండి

ఫిల్టర్ సైజు ట్యాంక్‌ని బట్టి కాదు, అందులో ఉండే ప్రాణుల్ని బట్టి మారుతుంది. ఇక్కడ చట్టం కూడా ఉంది. రీఫ్ కట్టే రాతి పగడాలు, గోర్గోనియన్లు, నల్ల పగడాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జాబితాలో ఉన్నాయి. సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం. ఎవరో ఆన్‌లైన్‌లో చీప్‌గా ఇస్తున్నారని కొంటే చిక్కుల్లో పడేది మీరే. ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే సముద్రపు రాయి కూడా చాలావరకు పగడపు అస్థిపంజరమే. దాని బదులు సిరామిక్ లేదా మనుషులు తయారుచేసిన డ్రై రాక్ తీసుకోండి.

కాబట్టి బిగినర్ సెటప్ అంటే ఒక జత హ్యాచరీ క్లౌన్ ఫిష్, మష్రూమ్‌లు, జోవాంతిడ్స్ లాంటి మెత్తని రకాలు. అవి కూడా ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పి, బిల్లు ఇచ్చే షాపులోనే. వీటికి నీళ్లు అద్దంలా ఉండక్కర్లేదు. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎమ్ మధ్య ఉన్నా బాగానే ఉంటాయి. ఈ ఒక్క పాయింట్‌తోనే మీ షాపింగ్ లిస్ట్ సగం తగ్గుతుంది.

ఫిల్టర్ చేసే మూడు పనులు

• మెకానికల్: తేలే చెత్తని పట్టడం. ఫిల్టర్ ఫ్లాస్ అనే తెల్లటి దూది లాంటిది చాలు. 3-4 రోజులకోసారి మార్చాలి. మార్చకపోతే పట్టిన చెత్త అక్కడే కుళ్లి మళ్లీ నీళ్లలో కలుస్తుంది.

• బయలాజికల్: చేపల వ్యర్థంలో అమోనియా ఉంటుంది, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి రాతి రంధ్రాల్లో, సిరామిక్ మీడియాలో పెరుగుతాయి. మీ అసలు ఫిల్టర్ ఇదే.

• కెమికల్: యాక్టివేటెడ్ కార్బన్ నీళ్లలో రంగు, వాసన తీస్తుంది. ఫాస్ఫేట్ ఎక్కువైతే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడతారు. టెస్ట్ చేయకుండా అవి వేయొద్దు. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నా అయినా పగడాలకి మంచిది కాదు.

నాలుగు ఆప్షన్లు, ఏది ఎవరికి?

1. ఆల్ ఇన్ వన్ ట్యాంక్: వెనకాల గదులు కట్టి వస్తుంది. ఫ్లాస్, మీడియా, హీటర్, పంప్ అన్నీ అందులోనే. పైపులు బయటికి రావు, లీక్ భయం తక్కువ. 60 లీటర్లకి ఇదే బెస్ట్.

2. హ్యాంగ్ ఆన్ బ్యాక్: ఇప్పటికే మామూలు ట్యాంక్ ఉన్నవాళ్లకి. అంచుకి తగిలిస్తే చాలు. చవక, క్లీనింగ్ తేలిక. లోపల చోటు తక్కువ కాబట్టి భారం రాళ్ల మీదే పడుతుంది.

3. క్యానిస్టర్: మంచినీటిలో హీరో, ఇక్కడ కాస్త రిస్క్. మూత పెట్టి ఉంటుంది కాబట్టి క్లీనింగ్ వాయిదా వేస్తాం, లోపల చెత్త పేరుకుని నైట్రేట్ పెరుగుతుంది. కరెంట్ పోతే లోపలి బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. రెండు వారాలకోసారి కచ్చితంగా తెరిచేవాళ్లే తీసుకోండి.

4. సంప్: కింద ఇంకో ట్యాంక్. నీళ్లు పెరుగుతాయి, పరికరాలన్నీ దాగిపోతాయి. కానీ పంప్ ఆగితే పైనుంచి కొంత నీరు కిందికి దిగుతుంది. ఆ నీటికి సంప్‌లో చోటు లేకపోతే హాలంతా ఉప్పునీళ్లే. 60 లీటర్లకి ఇంత అవసరం లేదు.

బాక్స్ మీద నంబర్లు నమ్మొచ్చా?

పంప్ మీద రాసిన గంటకి ఇన్ని లీటర్లు అన్నది నీటిని పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. పక్కనే ‘మ్యాక్స్ హెడ్’ అని ఇంకో నంబర్ ఉంటుంది. ఆ ఎత్తుకి వెళ్లేసరికి ఫ్లో సున్నా అన్నమాట. మ్యాక్స్ హెడ్ 1.5 మీటర్లు ఉన్న పంప్‌ని 1.2 మీటర్ల పైకి పంపడానికి వాడితే ధారలా వస్తుందంతే.

• రిటర్న్ పంప్: గంటకి నీటి పరిమాణానికి 5 నుంచి 8 రెట్లు. మన ట్యాంక్‌కి అసలు ఫ్లో 300 నుంచి 480 లీటర్లు.

• వేవ్‌మేకర్: ఇది ఫిల్టర్ కాదు, కానీ ఇది లేకపోతే రాళ్ల వెనక చెత్త కదలదు. 20 రెట్లు అంటే గంటకి 1,200 లీటర్లు. స్పీడ్ తగ్గించే కంట్రోలర్ ఉన్న డీసీ మోడల్ చూడండి.

ప్రొటీన్ స్కిమ్మర్ కావాలా?

ఎక్కువమంది మొదట డబ్బు పోసేది దీని మీదే. ఇది సన్నటి బుడగలు పుట్టిస్తుంది. నీళ్లలో కరిగిన ప్రొటీన్లు, కొవ్వు లాంటివి ఆ బుడగలకి అంటుకుని నురగగా పైకి వచ్చి కప్పులో పడతాయి. అంటే కుళ్లి అమోనియాగా మారకముందే చెత్త బయటికి పోతుంది. బోనస్‌గా నీటికి ఆక్సిజన్ కూడా.

మరి తప్పనిసరా? లెక్క చూద్దాం. మీ చేపల వల్ల వారానికి నైట్రేట్ 2 పీపీఎమ్ పెరుగుతోందనుకోండి. వారానికి 10 శాతం, అంటే 6 లీటర్లు మారిస్తే నైట్రేట్ మెల్లగా పెరిగి 20 దగ్గర నిలబడుతుంది. 20 శాతం, అంటే 12 లీటర్లు మారిస్తే 10 దగ్గరే ఆగుతుంది. రెండు చిన్న చేపలకి ఒక బకెట్ నీళ్లు స్కిమ్మర్ పని చాలావరకు చేసేసినట్టే. చేపలు పెరిగినా, వారం వారం నీళ్లు మార్చడం కుదరకపోయినా అప్పుడు స్కిమ్మర్ కొనండి. స్పెక్స్‌లో ‘లైట్ లోడ్’, ‘హెవీ లోడ్’ అని రెండు నంబర్లు ఉంటే తక్కువున్న హెవీ లోడ్ నంబర్‌నే నమ్మండి.

ఇంట్లో ఆర్వో నీళ్లు చాలా?

చాలవు. తాగే నీటి ప్యూరిఫైయర్లు చాలావాటిలో రుచి కోసం టీడీఎస్ కొంత వదిలేస్తారు, కొన్నిట్లో మినరల్స్ కలుపుతారు. ఆర్వో తర్వాత డీఐ కార్ట్రిడ్జ్ పెట్టి, టీడీఎస్ మీటర్‌లో సున్నా వచ్చాకే ఉప్పు కలపండి. చిన్న టీడీఎస్ మీటర్ ఈ హాబీలో అతి చవకైన, అతి పనికొచ్చే గ్యాడ్జెట్. ఆవిరైన నీటి స్థానంలో ఉప్పు లేని ఈ నీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కదా!

కరెంట్ పోతే?

పంప్, వేవ్‌మేకర్ కలిపి సుమారు 20 వాట్స్ అనుకుంటే రోజుకి అర యూనిట్ కూడా కాదు. బిల్లు సమస్య కాదు, కోతలే సమస్య. ఇన్వర్టర్ ఉంటే మొదట వేవ్‌మేకర్‌ని దానికి కలపండి. నీటి పైభాగం కదులుతూ ఉంటేనే ఆక్సిజన్ కలుస్తుంది. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. మన ఎండాకాలంలో వేడి నీటిలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుందని మర్చిపోవద్దు. నీళ్లు 27 డిగ్రీలు దాటుతుంటే పైన చిన్న ఫ్యాన్, దానికీ తగ్గకపోతే చిల్లర్ చూడాలి.

మా సజెషన్

60 లీటర్ల ట్యాంక్‌కి ఈ ఆర్డర్‌లో కొనండి: ఆల్ ఇన్ వన్ ట్యాంక్, డ్రై రాక్, వేవ్‌మేకర్, ఆర్వో డీఐ యూనిట్, అమోనియా-నైట్రైట్-నైట్రేట్ టెస్ట్ కిట్, పవర్ బ్యాకప్. స్కిమ్మర్ లిస్ట్‌లో చివర.

ఒక్క మాట. కొత్త ఫోన్‌లా ఫిల్టర్ అన్‌బాక్స్ చేసిన రోజే పని మొదలుపెట్టదు. రాళ్లలో బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. బాటిల్ అమోనియా కొద్దిగా వేసి, ఒక్క రోజులో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తున్నాయని టెస్ట్‌లో చూశాకే మొదటి చేపని తీసుకురండి. ఆ నెలన్నర ఖాళీ ట్యాంక్‌ని చూస్తూ కూర్చోవడం కష్టమే. కానీ ఎంత ఖరీదైన ఫిల్టర్ కొన్నా ఆ పని తప్పదు.